తాడంటే భయం

డెల్మర్ ప్రూయెట్‌ను లోయలో అందరూ మర్యాదస్తుడనేవారు. వసంతంలో దూడలకు యజమాని గుర్తుగా వాతలు వేసే రోజున, ఏ ర్యాంచ్‌లోనైనా, ముందుగా పెద్దవాళ్లను పేరుపెట్టి పిలిచి గుర్రమెక్కి దూడకు ఉచ్చుతాడు వెయ్యమంటారు. కిందపడ్డ దూడను అదిమి పట్టుకునే పని ఎవరైనా చేస్తారు. తాడు వెయ్యమని పిలవడం మాత్రం మనిషికిచ్చే గౌరవం. ఆ పిలుపు కోసం ఏడాదంతా ఎదురుచూసే వాళ్లున్నారు. డెల్మర్‌ను పిలిస్తే టోపీ కాస్త వెనక్కి నెట్టి, పక్కవాడి భుజం తట్టి, "నాకెందుకులే, ఈయన్ని ఎక్కించండి" అనేవాడు. ముప్పై మూడేళ్లు అదే మాట అన్నాడు.

అది మర్యాద కాదు, భయం. ఆ సంగతి తెలిసింది అతని భార్య లవోన్ ఒక్కదానికే.

డెల్మర్ ఉత్తర నెవాడాలో, ఊరికి అరవై మైళ్ల అవతల, పశువుల కాపరులుండే ఒంటిగది గుడిసెలో పుట్టాడు. పధ్నాలుగో ఏట బడి మానేసి జీతానికి కుదిరాడు. పందొమ్మిదో ఏట కాటన్‌వుడ్ ర్యాంచ్‌కు వచ్చి ఇక కదల్లేదు. అక్కడి వంటశాలలో రొట్టెలు కాల్చే లవోన్‌ను పెళ్లాడాడు. ఇద్దరు ఆడపిల్లలు. పెద్దది నర్సు చదువు చదివి పట్నంలో స్థిరపడింది. చిన్నది రీవా, నడక రాకముందే జీను మీద తండ్రి ఒళ్లో కూర్చుని తిరిగింది.

అతని కుడిచేతి బొటనవేలు పోయింది రీవా పుట్టడానికి మూడేళ్ల ముందు. వాన పడుతున్న రోజు. ఆ లోయలో తాడు పద్ధతి ఒకటే. ఉచ్చు పశువు మీద పడిన మరుక్షణం, చేతిలోని తాడును జీను ముందుభాగాన లేచి ఉండే కొమ్ముకు రెండు చుట్లు చుట్టాలి. చుట్టేటప్పుడు బొటనవేలు పైకి నిక్కి ఉండాలి. అది తాడుకూ కొమ్ముకూ మధ్య ఇరుక్కుంటే అటు ఆవు లాగుతుంది, ఇటు గుర్రం లాగుతుంది. డెల్మర్‌కు నొప్పి కూడా తెలియలేదు. చెయ్యి తేలికైనట్టనిపించింది, అంతే. బురదలో పడి ఉన్న చేతి తోలు తొడుగును ఎవరో తీసి, లోపలికి చూసి, మాట్లాడకుండా అతని జేబులో పెట్టారు. ఊరు చేరేసరికి అతికించే వేళ దాటిపోయింది.

"ఇక నువ్వెక్కడికీ పోలేవురా," అన్నాడు పక్క ర్యాంచ్ హోబర్ట్, చూడ్డానికొచ్చి. "రోడ్డు మీద నిలబడి లిఫ్ట్ అడగాలన్నా వేలెక్కడిది నీకు?"

డెల్మర్ నవ్వాడు. అలా వేలు పోయి కూడా తాడు వేసేవాళ్లు ఆ లోయలో చాలామందే ఉన్నారు. రెండు నెలలకు కట్టు విప్పాక, ఎవరూ లేనప్పుడు గుర్రమెక్కి ఒక కంచె గుంజకు ఉచ్చు వేశాడు. ఉచ్చు సరిగ్గానే పడింది. తాడు కొమ్ము దగ్గరికి రాగానే మిగిలిన నాలుగు వేళ్లూ వాటంతటవే విచ్చుకున్నాయి. మళ్లీ వేశాడు. మళ్లీ విచ్చుకున్నాయి. ఎదుట ఉన్నది కదలని కొయ్య, అయినా చొక్కా చెమటకు తడిసి ముద్దయింది.

ఆ రోజు నుంచి తాడు లేకుండా బతకడం నేర్చుకున్నాడు. జబ్బు చేసిన ఆవును అందరూ ఉచ్చు వేసి పడగొడితే, ఇతను పూటంతా వెనకాలే తిరిగి, మెల్లగా దొడ్లోకి తోలి మందు పట్టేవాడు. పశువును బెదరనివ్వడని పేరొచ్చింది. కుర్రాళ్లను అతని దగ్గరికి పంపి నేర్చుకోమనేవారు. వాతల రోజు పొద్దున్నే మాత్రం కొట్టం వెనక్కి వెళ్లి వాంతి చేసుకునేవాడు. అందుకే ఆ రోజుల్లో లవోన్ అతనికి కాఫీ, ఎండు రొట్టె తప్ప ఏమీ పెట్టేది కాదు.

"చెప్పెయ్యరాదూ?" అనేది.

"తాడు వెయ్యలేనివాణ్ణి ఎవరుంచుకుంటారే? ఈ ఇల్లు ర్యాంచ్‌ది. ఆ మంచం కూడా వాళ్లదే."

అతనికి అరవై ఆరో ఏడు నడుస్తుండగా రీవాను కాటన్‌వుడ్‌కు మేస్త్రీగా వేశారు. మందలూ మనుషులూ ఇక ఆమె చెప్పినట్టు నడవాలి. ఆ ర్యాంచ్‌లో ఆడమనిషి ఆ పనికెక్కడం అదే మొదలు. మే నెలలో ఆమె చేతిమీదుగా జరిగే మొదటి వాతలకు చుట్టుపక్కల నుంచి పాతికమంది వచ్చారు. కొందరు సాయానికి, కొందరు తమాషా చూడ్డానికి.

"మీ అమ్మాయి మనల్ని తాడుకి పిలుస్తుందా, అంట్లు తోమడానికా?" హోబర్ట్ డెల్మర్ డొక్కలో పొడిచాడు.

రీవా ఇనుము కాల్చే నిప్పు దగ్గర నిలబడి గొంతెత్తింది. "మొదటి తాడు మా నాన్నది."

డెల్మర్ చెయ్యి టోపీ మీదికి వెళ్లింది. "నాకెందుకులే" అనబోయి చుట్టూ చూశాడు. మేస్త్రీగా పదిమందిలో ఆమె చెప్పిన మొదటి మాట అది. కాదన్న మొదటివాడు కన్నతండ్రే అయితే, ఆ తర్వాత ఆమె మాట ఎవడు వింటాడు? వాళ్ల మొహాల్లో అప్పుడే చిన్న నవ్వు కనబడుతోంది. గుర్రమెక్కాడు.

మొదటి ఉచ్చు తప్పింది. "తాడెయ్యడం మర్చిపోయాడురోయ్," అన్నారెవరో. రెండోది బలమైన దూడ మెడలో పడింది. తాడు బిగుసుకుంటూ అరచేతిలో పాకింది. కొమ్ము కళ్లముందే ఉంది. వేళ్లు విచ్చుకున్నాయి.

దూడ నిప్పు వైపు దూకింది. వెనకాల అరవై అడుగుల తాడు పాములా ఈడ్చుకుపోయింది. రీవా పక్కకు తప్పుకోబోయింది గానీ తాడు మెలిక చీలమండకు పడి వెల్లకిలా పడిపోయింది. దూడ ఆమెను నిప్పు పక్కనుంచే లాక్కెళుతోంది. డెల్మర్ పై ప్రాణాలు పైనే పోయాయి. నలుగురు కుర్రాళ్లు దూడ మీద పడి నేలకు అదిమేసరికి, రీవా తల నిప్పుకు మూరెడు దూరంలో ఉంది.

ఆమె లేచి దుమ్ము దులుపుకుని, కుంటుతూ అతని గుర్రం దగ్గరికి వచ్చింది. "చుట్టెందుకు వెయ్యలేదు నాన్నా?"

"చెయ్యి జారింది."

"జారలేదు. వదిలేశావు. నేను చూశాను."

డెల్మర్ కిందికి చూశాడు. ఆమె జుట్టు కొసలు ఒక పక్క కమిలి ఉన్నాయి. "భయమేసిందమ్మా," అన్నాడు.

"ఎప్పటినుంచి?"

"నువ్వు పుట్టకముందు నుంచి."

హోబర్ట్ దగ్గరికొచ్చాడు. "అంటే ఇన్నేళ్లూ నన్ను ముందు ఎక్కించింది మర్యాదకి కాదన్నమాట. మా ఇంట్లో ఎంత గొప్పగా చెప్పుకున్నాన్రా."

రీవా వెనక్కి తిరిగి, "లైల్, నీ తాడు పట్రా," అంది.

లైల్ ఆమె భర్త, టెక్సాస్ వాడు. వాళ్ల వైపు తాడు కొసను ముందే జీను కొమ్ముకు ముడేసి ఉంచుతారు. చుట్టే పనే లేదు, చెయ్యి దగ్గరికే వెళ్లదు. కాకపోతే తేడా వస్తే వదిలించుకోవడం ఉండదు, పశువు ఎటు పడితే గుర్రమూ మనిషీ అటే. ఈ లోయలో అలా కట్టుకునేవాణ్ణి మనిషి కింద లెక్కెయ్యరు. "ఆవుకీ గుర్రానికీ పెళ్లి చేసే పంతులు" అని లైల్‌ను ఆటపట్టించని రోజు లేదు.

"అది మాత్రం వద్దు రీవా," డెల్మర్ గొంతు తగ్గించాడు. "ఇంతమందిలో."

"వదిలేసింది ఇంతమందిలోనే కదా. ఇంకా నూట అరవై దూడలున్నాయి. ఇప్పుడు దింపితే తండ్రని జాలిపడి దింపిందంటారు. కట్టు, లేదా దిగి ఇంటికెళ్లు. కూతురిగా కాదు, మేస్త్రీగా చెబుతున్నా."

దిగి వెళ్లిపోవడమే తేలిక. డెల్మర్ తాడు అందుకున్నాడు. ముడి రెండుసార్లు జారిపోయి, మూడోసారికి పడింది. లైల్ సాయం చెయ్యలేదు గానీ తన కత్తి తెరిచి, పిడి అతని వైపు పెట్టి ఇచ్చాడు. "అటూ ఇటూ అయితే కోసెయ్ మామయ్యా. తాడు పోతే పోయింది."

ఇప్పుడు భయం రెండింతలైంది. ఇంతకాలం చెయ్యి విడిస్తే గండం గడిచేది. ఇక ఆ దారి కూడా లేదు.

ఉచ్చు విసిరాడు. దూడ వెనక కాళ్లకు పడింది. అలవాటుకొద్దీ చెయ్యి కొమ్ము వైపు పోతుంటే లాక్కుని గుండెకు అదుముకున్నాడు. తాడు టపీమని బిగిసింది. జీను కిర్రుమంది. గుర్రం ఒక అడుగు తూలి నిలదొక్కుకుని లాగడం మొదలుపెట్టింది. డెల్మర్ కళ్లు మూసుకున్నాడు.

"టెక్సాస్ అల్లుడికి తగ్గ మామ దొరికాడ్రోయ్," అన్నాడు హోబర్ట్. అందరూ ఘొల్లుమన్నారు.

కళ్లు తెరిచేసరికి దూడ నిప్పు దగ్గరుంది. రీవా కాలిన ఇనుము తీసి వాత పెట్టి, అతని వైపు చూడకుండానే, "ఇంకోటి," అంది.

డెల్మర్ గుర్రాన్ని మంద వైపు తిప్పాడు. భయం అలాగే ఉంది, ముడి మాత్రం విప్పలేదు.