వాపసు వచ్చిన సూదులు

డబ్బా అక్క నోరు మంచిది కాదని ఆ వీధి మొత్తానికీ తెలుసు. మత్తు సూదులు పొడుచుకునేవాళ్ల దగ్గర పాత సూది తీసుకుని కొత్తది ఇవ్వడం ఆమె కొలువు. ఒకరి జబ్బు ఇంకొకరికి అంటకూడదని ఆ ఏర్పాటు. వాడినవి వేసే పసుపు డబ్బా ఎప్పుడూ చంకలోనే ఉంటుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. తిట్టనిదే సూది ఇవ్వదు. "తిన్నావా? మొహం చూడు, ఎలా పీక్కుపోయిందో. ఇంత తిని ఏడవరాదూ!" అంటుంది. ఆ తిట్ల కోసమే వచ్చేవాళ్లూ ఉన్నారు.

వాళ్లలో ఒకడు గోడలకు రంగులు వేసే పెయింటర్. నిచ్చెన మీంచి పడి నడుము విరిగినప్పుడు నొప్పికని మొదలుపెట్టాడు. నొప్పి తగ్గింది గానీ సూది వదల్లేదు. భార్య బిడ్డను తీసుకుని పుట్టింటికి వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నం అతను ఒక సంచి తెచ్చి, క్లినిక్‌లో అక్క కూర్చునే బల్ల మీద పెట్టాడు. వాడినవీ, సీలు విప్పనివీ, అన్నీ అందులోనే ఉన్నాయి.

"ఇక అక్కర్లేదక్కా."

అక్క కాళ్లు నేల మీద ఆనలేదు. ఇన్నాళ్లకు ఒక్కడు ఒడ్డున పడ్డాడు! చప్పట్లు కొట్టి, పక్క గదిలోని డాక్టరమ్మను కేకేసి చెప్పి, టీ పోసి ఇచ్చింది. తాగి లేస్తూ అతను తన బ్రష్ తీసి ఆమె చేతిలో పెట్టాడు. దాని పిడి అతని వేళ్ల వాటానికి అరిగిపోయి ఉంది.

"మీ తలుపుకు రంగు వేసుకో."

నవ్వుతూ పుచ్చుకుంది. అతను వెళ్లిపోయాక ఆ అరిగిన పిడిని తిప్పి చూసింది. మానేసినవాడు సూదులిచ్చేశాడు, సరే. రేపు పనికి పోవాల్సినవాడు బ్రష్ ఎందుకిచ్చినట్టు?

డబ్బా అక్కడే పడేసి, డాక్టరమ్మను వెనకే రమ్మని అరిచి పరుగెత్తింది. దారి పొడుగునా తనను తానే తిట్టుకుంది. "దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నావు కదే!"

అతని ఇంటి తలుపుకు లోపల గడియ పెట్టి ఉంది. బ్రష్ పిడితోనే తలుపు బాదింది.

"వెళ్లిపో అక్కా."

బతికే ఉన్నాడు. ఆమె గడప మీద కూర్చుంది. ఈసారి తిట్టలేదు.

"చచ్చిపోదామనుకుంటున్నావా?" అని సూటిగా అడిగింది.

"అవును." తలుపు అవతలి నుంచే అన్నాడు. "మానలేను. మానకుండా బతకలేను. ఫోన్లో నన్ను చూసి నా కూతురు 'నువ్వెవరు' అని అడిగిందక్కా."

అక్క తలుపుకు ఇంకా దగ్గరగా జరిగింది.

"నేనిక్కణ్ణించి కదలను. డాక్టరమ్మ వస్తోంది. ముందు గడియ తియ్యి నాయనా, రేపటి సంగతి అడగను."

గడియ కదల్లేదు. ఇంకేమనాలో తోచక రోజూ అడిగేదే అడిగింది.

"తిన్నావా?"

"లేదు."

గడియ తీశాడు. అక్క బ్రష్‌ను అతని చేతిలో పెట్టింది. వేళ్లు ముడుచుకోలేదు, అది కింద పడింది. వంగి తీసి మళ్లీ పెట్టింది.