కల్ అంటే కల అని చెప్పిన మా సత్తక్క

సత్తక్క ఇక లేదు.

నిన్న పొద్దున దేవుడి దగ్గర దీపం పెడుతుంటే ఫోన్ మోగింది. అక్క కూతురు లత. "చిన్నమ్మా, అమ్మ ఎంత లేపినా లేస్తలేదు" అంది. ఆ తర్వాత ఏడుపు తప్ప ఏమీ వినబడలేదు.

అగ్గిపుల్ల వేలు కాల్చేదాకా నా చేతిలోనే ఉంది.

కోసాడ్‌లో వాళ్లింటికి చేరేసరికి అక్కను కింద పడుకోబెట్టారు. నిద్రలోనే పోయిందట.

మన ఈ భజన గ్రూపులో నేను ఎప్పుడూ ఏమీ రాయను. మీ గుడ్ మార్నింగ్‌లకు దండం బొమ్మ పెట్టడం వరకే. ఇవాళ రాస్తున్నాను. ఎందుకంటే ఒక మాటను నేను మీలో చాలామందికి స్వామి మాటగా చెప్పాను. అది ఎక్కడిదో మీకు తెలియాలి.

మేము ఊరి నుంచి సూరత్ వచ్చిన కొత్తలో లింబాయత్‌లో ఉండేవాళ్లం. నాకు హిందీ ఒక్క ముక్క రాదు. మా ఇళ్ల లైన్ మొత్తానికి టీవీ ఉన్నది పక్కింటి సత్తక్క దగ్గరే. బ్లాక్ అండ్ వైట్. అక్క అప్పుడు కొత్త పెళ్లికూతురు.

గోడ అవతలే పవర్‌లూమ్ షెడ్. ఆదివారం కూడా ఆ సాంచాలు ఆగేవి కావు. టీవీ ఎంత పెంచినా ఆ చప్పుడులో వినబడేది కాదు.

అందుకని అక్క స్పీకర్‌కు చెవి ఆనించి కూర్చునేది. విన్నది తెలుగులో అరిచి చెప్పేది. మా అమ్మ, మిగతా ఆడవాళ్లు ఒళ్లో చీరలు వేసుకుని, వేలాడే దారాలు కత్తిరిస్తూ వినేవాళ్లు.

బొమ్మ ఢిల్లీది. గొంతు మా అక్కది.

"రాణి అలిగింది. ముక్కుపుడక తెచ్చేదాక బువ్వ తినదట" అనేది. సాయంత్రం సినిమాలో హీరో చెట్టు పట్టుకుని ఎంతసేపు పాడినా, "ఏం లేదే, ఆకలైతుందంటుండు" అని ఒక్క మాటలో తేల్చేసేది.

పొద్దున వచ్చే భక్తి సీరియల్‌కు మాత్రం నవ్వులు ఉండేవి కావు. ఒకరోజు అందులో ఒక ముసలి కుమ్మరామె. స్వామి మారువేషంలో వచ్చి, పగలంతా ఆమెతో మట్టి మోసి, సాయంత్రం వెళ్లిపోతున్నాడు. ఆమె ఏడుస్తోంది.

మా అమ్మ కత్తెర కింద పెట్టేసింది. "ఏమన్నడే సత్తెమ్మా? మల్ల అస్తడా?"

అక్క చెవి తీయకుండానే చెప్పింది. "కల్ మిలేంగే అంటుండు. కలల కలుద్దామని."

అమ్మ చేతులు జోడించింది.

బడిలో చేరాక నాకు తెలిసింది, కల్ అంటే రేపు అని. పరుగెత్తుకుంటూ వెళ్లి అక్కకు చెప్పాను.

"రేపా? మొన్న సేటు 'కల్ క్యూ నహీ ఆయీ' అని కొట్లాడిండు. రేపు ఎందుకు రాలేదని ఎవడన్న అడుగుతడా?"

"అది నిన్న, అక్కా. నిన్నకూ కల్, రేపటికీ కల్."

"నిన్నా అదే, రేపూ అదే అయితే, గది కల గాక ఏందే పిచ్చిదానా!"

అందరూ నవ్వారు.

నా పెళ్లయిన మరుసటి ఏడు అమ్మ పోయింది. నేను కడుపుతో ఉన్నాను. శవాన్ని చూడకూడదని నన్ను గడప దాటనివ్వలేదు. చివరిసారి మొహం కూడా చూడలేదు.

అక్క అమ్మను సాగనంపి, తలస్నానం చేసి, తడి జుట్టుతోనే నా దగ్గరకు వచ్చింది. "స్వామే అన్నడు కదనే భాగ్యా, కల్ మిలేంగే అని. అమ్మ కలలకు అస్తది. జర పండుకో."

ఆ రాత్రి కలలో అమ్మ వచ్చింది. ఒళ్లో చీర పెట్టుకుని, నన్ను చూసి నవ్వింది.

అప్పటి నుంచి అది నాకు మంత్రం. భజనకు ఎవరు దుఃఖంతో వచ్చినా, "స్వామి కలలో కలుద్దామన్నాడు" అని చెప్పాను. చేతికి అందివచ్చిన కొడుకును పోగొట్టుకున్న పల్సానాలో ఉండే రాజవ్వకూ అదే చెప్పాను.

పోయిన వారం మా అమ్మాయి ఆ పాత సీరియల్‌ను ఫోన్‌లో వెతికి పెట్టింది. ఎంత సంబరపడ్డానో. ఆ కుమ్మరామె రాగానే ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నాను.

స్వామి ఏమీ అనలేదు.

వెనక్కి తిరగకుండా వెళ్లిపోయాడు. వెనకాల మ్యూజిక్, అంతే. కల్ లేదు. మిలేంగే లేదు.

మరి ఆ చప్పుడులో అక్కకు అలా వినబడిందా? లేక మా అమ్మ మొహం చూసి అలా చెప్పిందా?

ఈ ఆదివారం కోసాడ్ వెళ్లి అడుగుదామనుకున్నాను.

నిన్న అంతా అయ్యాక లతను అడిగాను, అమ్మ ఈ మధ్య టీవీ చూసేదా అని.

"చూస్తుండె చిన్నమ్మా. కానీ సౌండ్ బంద్ పెట్టి. నేను పెంచితే తిట్టేది. 'వాళ్లకేం తెలుసే ఏం మాట్లాడాల్నో, నేను చెప్త గదా' అనేది."

లత నవ్వబోయి ఏడ్చింది.

ఇది నాకు జవాబో కాదో తెలియదు. స్వామి అనని మాటను స్వామి పేరు మీద ఇన్నేళ్లు పంచాను. ఈ పొద్దున దీపం ముందు కూర్చుని చెంపలు వేసుకున్నాను. కానీ అమ్మ మాత్రం నిజంగా వచ్చింది కదా.

రాజవ్వకు ఇంకా కల రాలేదు. కనబడినప్పుడల్లా "అస్తడా బిడ్డా?" అని అడుగుతుంది.

అందుకే మిమ్మల్ని వేడుకుంటున్నాను. ఇది మీ దగ్గరే దాచుకోండి. ఫార్వర్డ్ చేయకండి. ఆమెకు చదువు రాదు, ఎవరూ చదివి వినిపించకండి.

సత్తక్కా, ఆ సాంచాల చప్పుడు ఇక నీ చెవిన పడకుండా, స్వామి నిన్ను నిమ్మళంగా ఉంచాలి.

అక్కడ రాజవ్వ కొడుకు కనబడితే, ముందు వాడిని వాళ్లమ్మ కలలోకి పంపు. నువ్వు తర్వాత వద్దువు గాని.

కల్ మిలేంగే, అక్కా.

— భాగ్య