మేకుల్లేని వంతెన

మొన్న సాయంత్రం ఊరి నుంచి నాన్న ఫోన్ చేశాడు. "అన్న పోయిండు బిడ్డా" అని ఫోన్ పెట్టేశాడు. మధ్యాహ్నం తిని నడుం వాల్చిన మా పెద్దనాయన మళ్లీ లేవలేదట. ఈ రోజు నేను ఖమ్మంలో ఉద్యోగం చేసుకుంటున్నానంటే అది ఆయన చలవే.

పెద్దనాయన బొగ్గుబాయిలో టింబర్‌మన్. బాయిలో పైకప్పు కూలకుండా దూలాలను అడ్డంగా, నిలువుగా పేర్చి నిలబెట్టడం ఆయన పని. రిటైరై చండ్రుగొండ దగ్గరి మా ఊరికొచ్చాక కూడా చెయ్యి ఊరుకునేది కాదు. ఎవరింటికి వెళ్లినా ముందు వాసాల వంక చూసి, తర్వాతే మనుషులను పలకరించేవాడు. ఇంట్లో అగ్గిపుల్లలను ఒకదానిలో ఒకటి ఇరికించి వంతెనలు కట్టేవాడు.

"గిట్ల అన్నీ పేరిస్తే పొయ్యి దేంతోని ముట్టియ్యాలె?" అని పెద్దమ్మ గొణిగేది.

ఒక వానాకాలం వాగు మీది కర్రల వంతెన కొట్టుకుపోయింది. బడి అవతలి ఒడ్డున ఉంది. "ఇగ చదివింది చాలు" అన్నాడు నాన్న. నేను ఏడుస్తూ కూర్చుంటే పెద్దనాయన సామిల్లుకు వెళ్లి, అందరికీ కోసే కొలతలోనే దూలాలు తెచ్చాడు. దేన్నీ కోయలేదు, మేకు కొట్టలేదు. తడిక అల్లినట్టు ఒకదాని పైనుంచి, ఇంకోదాని కిందనుంచి పోనిచ్చి వాగు మీద నిలబెట్టాడు.

నాన్నకు నమ్మకం కుదరక, అన్న లేని సమయం చూసి నాలుగు మేకులు కొట్టాడు. పెద్దనాయన వాటిని పీకేస్తూ, "మేకు కొడితే కట్టె కదలదు తమ్మీ. మనిషెక్కితే అది జర కదిలి బిగుసుకోవాలె" అన్నాడు.

అయినా ఎవరూ ఎక్కలేదు. పెద్దమ్మయితే, "ఎవలన్న పడితే ఊళ్లె మొఖమెట్ల చూపెడతవ్?" అని ఆయనతో మాటలే మానేసింది.

బాయిలో వాళ్లకో అలవాటు ఉండేదట. కప్పుకు ఊతం నిలబెట్టినవాడే ముందు దాని కింద కూర్చుని అన్నం తినాలి. పెద్దనాయన టిఫిన్ గిన్నె పట్టుకుని, వరద తగ్గిన వాగులోకి దిగి, వంతెన కింద బండ మీద కూర్చుని రొట్టె తీశాడు. "ఎక్కుండ్రి" అన్నాడు.

ఒడ్డున చేరిన ఊరివాళ్లెవరూ ముందుకు రాలేదు. పెద్దమ్మ చీర ఎగదోపుకుని వాగులోకి దిగింది. మొగుణ్ని బయటికి లాగుతుందనుకున్నాం. "జరుగు" అని ఆయన పక్కనే కూర్చుంది. అక్కణ్నుంచే నాన్నను కేకేసింది.

"ఏంది చూస్తున్నవ్ మరిదీ? పిల్లను తోలుకొని నడువు!"

నాన్న నా చెయ్యి పట్టుకుని ఎక్కాడు. కట్టె కిర్రుమంది. నేను నాన్న చేతిని రెండు చేతులా పట్టుకున్నాను.

"ఇగో, బిగుసుకున్నది!" కింద నుంచి పెద్దనాయన గొంతు వినిపించింది.

నడుమకు వచ్చాక దూలాల సందులోంచి కిందికి చూశాను. ఆయన తాపీగా తింటున్నాడు. మా కాళ్ల దుమ్ము రాలకుండా పెద్దమ్మ తన కొంగును ఆయన రొట్టె మీద గొడుగులా పట్టుకుని ఉంది.