బుచ్చవ్వ కొన్న మోటారు

మా మేనత్త బుచ్చవ్వకు మోటారు నడపడం రాదు. దాని ముందు భాగాన ఇంజను ఉంటుందో వెనక భాగాన ఉంటుందో కూడా చాలాకాలం తెలియదు. అయినా 1940 చలికాలంలో సిద్దిపేట మోటారు అడ్డా మీద నల్లగా మెరిసే కొత్త కిరాయి బండి వచ్చి నిలబడినప్పుడు, ఊరు దానికి "బుచ్చవ్వ మోటారు" అనే పేరు పెట్టింది. నడిపేది మా బాపు పోశయ్య. ఆయన పేరు ఎవరూ తలవలేదు. దానికి ఆయన ఎన్నడూ చిన్నబుచ్చుకోలేదు కూడా.

అత్తకు చిన్నతనంలోనే భర్త పోయాడు. పిల్లలు లేరు. తమ్ముణ్ని తనే పెంచి పెద్ద చేసింది. అడ్డా పక్కన రెండు తడికెల కింద చాయ్ హోటల్ పెట్టి జొన్నరొట్టె, పప్పు, చాయ అమ్మేది. మా బాపు కోహెడ దిక్కు ఒక దొర దగ్గర డ్రైవరుగా ఉండేవాడు. దొర కుటుంబం హైదరాబాదుకు మారిపోయి మోటారు అమ్ముకోవడంతో ఇంటికి వచ్చేశాడు. కొన్నాళ్లు అక్క హోటల్లో గ్లాసులు కడిగాడు. స్టీరింగు పట్టిన చేతులు బూడిదలో గ్లాసులు తోముతుంటే చూడలేక అత్త ఒకరోజు అన్నది: "కిరాయి మోటారు మనమే పెట్టుకుంటే ఏమైతది రా?"

ఆ మాట రొట్టె తింటున్న బట్టల వ్యాపారి లక్ష్మీరాజం చెవిన పడింది. ఆయన అక్కడికి రోజూ వచ్చేవాడు. "నిజంగనే పెడుతవా బుచ్చవ్వా? సగం నేను పెడుత, వచ్చిన దాంట్ల సగం నాకియ్యి" అన్నాడు. మిగతా సగానికి అత్త తన వెండి కడియాలు, బంగారు గుండ్లు, ఊళ్లో ఉన్న చెలక భూమి అమ్మేసింది. బండి కొనడానికి సికింద్రాబాదుకు లక్ష్మీరాజం కూడా వస్తాడనుకున్నారు గానీ ఆయన రానన్నాడు. "బేరానికి నువ్వు పోతున్నవు గదా, నాకేం ఫికరు" అన్నాడు.

బస్సులో పోతూ పోతూ అత్త తమ్ముడికి బుద్ధులు చెప్పింది.

"పోశీ, ఆడికి పోయినంక నువ్వు నోరు తెరువకు. బండి చూసి మురిసినవో, ధర తాడెత్తు లేస్తది."

"మరి ఇంజను మంచిగున్నదో లేదో నీకెట్ల తెలుస్తదక్కా?"

అత్త కాసేపు ఆలోచించింది. "మంచిగుంటే దగ్గు. లేకుంటే ఊకో."

మోటార్ల కంపెనీ గుమ్మం దగ్గర జవాను వాళ్లను ఆపాడు. పని అడుక్కోవడానికి వచ్చారనుకున్నాడు. అత్త గొడవ పడలేదు. "మోటారు కొననీకి వచ్చినం, లోపల చెప్పు" అన్నది. తెల్ల చొక్కా, నల్ల టై కట్టుకున్న ఒక సన్నటి మనిషి బయటికి వచ్చాడు. పేరు సామ్యూల్. బండ్లు చూపించి అమ్మిపెట్టడం అతని పని. ఊరు వర్గల్ పక్కన. ఆమె కాళ్లకు చెప్పులు లేకపోవడం చూశాడో లేదో, "రాండ్రమ్మా, లోపలికి రాండ్రి" అని మాత్రం అన్నాడు.

లోపల మూడు మోటార్లు ఉన్నాయి. ఐదుగురు కూర్చునే నల్లబండి దగ్గర మా బాపు ఆగిపోయాడు. సామ్యూల్ బానెట్ లేపాడు. బాపు వంగి చూశాడు. దగ్గాడు. ఇంజను స్టార్ట్ చేయించాడు. మళ్లీ దగ్గాడు. డ్రైవరు సీట్లో కూర్చుని గేరు వేసి చూశాడు. ఇక ఆ దగ్గు ఆగలేదు.

"మంచినీళ్లు తెప్పియ్యనా?" అన్నాడు సామ్యూల్ కంగారుగా.

"వద్దు సారూ, వానికి గట్లనే వస్తది" అన్నది అత్త తమ్ముడి వైపు గుర్రుగా చూస్తూ.

తర్వాత ఆమె వెనక తలుపు తీయించి, పాదాలు కొంగుతో తుడుచుకుని, సీటు మీద పక్కకు తిరిగి పడుకుంది. కాళ్లు ముడుచుకుని ఒకసారి, మోకాళ్లు లేపి ఒకసారి చూసుకుంది. జవాను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. సామ్యూల్ నవ్వలేదు. ఆమె లేచి కూర్చున్నాక, "ఎందుకమ్మా?" అని అడిగాడు.

"మా నాయిన దుబ్బయ్య తాటిచెట్టు మీదికెల్లి పడ్డడు సారూ. నడుమిరిగింది. ఎడ్లబండి మీద సిద్దిపేటకు తెచ్చేసరికి పొద్దుగూకింది. తొవ్వ పొడుగూత గుంత గుంతకు మొత్తుకున్నడు. దవాఖాన అరుగు మీద పానం పోయింది. గీ బండ్ల మనిషి పండుకొని రావచ్చునా లేదా అని చూసిన."

సామ్యూల్ వెనక సీటు కింది తాళం తిప్పి, సీటును కొంచెం ముందుకు జరిపి, వీపు ఆనే భాగాన్ని వాల్చి చూపించాడు. ఆ సంగతి మా బాపుకు కూడా తెలియదు. ఇప్పుడు మనిషి కాళ్లు దాదాపు చాచుకోవచ్చు.

అత్త బండి దిగి, అప్పుడు ధర అడిగింది. సామ్యూల్ నాలుగువేల రెండువందలు అన్నాడు. వీళ్ల దగ్గర ఉన్నది మూడువేల ఆరువందలు.

"నిరుడు గింత లేకుండెనట గదా సారూ?"

"నిరుడు లేదమ్మా. లడాయి మొదలైంది. ఓడలు వస్తలేవు. ధరలన్నీ పెరిగినయి."

"గీ బండి లడాయికి ముందు ఓడ దిగిందా, తర్వాతనా?"

సామ్యూల్ "తర్వాత" అని ఉంటే బేరం అక్కడితో ముగిసేది. ఆమె ఎక్కడికి పోయి కనుక్కుంటుంది? కానీ అతను, "ముందే దిగింది" అన్నాడు.

"మరి దీని మీద లడాయి ఖర్చెందుకు పడ్డది?"

సామ్యూల్ మేడ మీద మేనేజరు గదికి వెళ్లి వచ్చాడు. ధర మూడొందలు తగ్గింది. అత్త చాలదంది. మళ్లీ వెళ్లి వచ్చాడు. మోటారు పైన సామాను కట్టుకునే ఇనుప చట్రం ఊరికే వేసిస్తామన్నాడు. అత్త చట్రానికి సరేనంది, ధరకు కాదంది. మధ్యాహ్నమైంది. అక్కాతమ్ముళ్లు అరుగు మీద కూర్చుని రొట్టె మూట విప్పారు. సామ్యూల్‌ను పిలిచి అత్త అతని చేతిలో రొట్టె, వెల్లుల్లి కారం పెట్టింది. అతను నిలబడే తిన్నాడు. "ఇగ నా చేతుల లేదమ్మా, ఆయన దిగడు" అన్నాడు.

"అయితే మేం పోయొస్తం" అని అత్త లేచింది.

సంతలో ఇలా లేచి పదడుగులు వేస్తే వెనక నుంచి పిలుపు వస్తుంది. అత్త మెల్లగా నడిచింది. గేటు దాటింది. రోడ్డు మీద నిలబడి కొంగు సర్దుకుంది. ఎవరూ పిలవలేదు.

"అక్కా, పోనిచ్చుకున్నమక్కా" అన్నాడు మా బాపు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

అత్తకూ లోపల బెదురుగానే ఉంది. ఇంకో కంపెనీకి పోయి అడిగారు. అక్కడ ధర ఇంకా ఎక్కువ. పైగా బయానా కడితే రెండు నెలల తర్వాత ఇస్తామన్నారు. ఆ రాత్రి సత్రంలో తలదాచుకున్నారు. పొద్దున్నే లేచి అత్త ముఖం కడుక్కుని, "పా, నిన్నటి కాడికే పోదాం. సిగ్గు పడితే బండి రాదు" అన్నది.

ఈసారి ఆమె బేరం ఆడలేదు. సామ్యూల్ ముందు మూట విప్పింది. "సారూ, ఇగ దాచుకునేది లేదు. కడియాలు అమ్మిన, చెలక అమ్మిన, సగం ఇంకొకరి సొమ్ము. మూడువేల ఆరువందలు. దీనికి ఇస్తే సంతోషం. ఇయ్యకున్నా నీ మీద కోపం లేదు. అబద్ధం చెప్పకుండ మాట్లాడినవు."

సామ్యూల్ పైకి వెళ్లాడు. చాలాసేపు రాలేదు. అద్దాల గదిలో అతను చేతులు కట్టుకుని నిలబడి మాట్లాడటం కింది నుంచి కనిపించింది. దిగి వచ్చి, "అయిపోయిందమ్మా. బండి మీదే" అన్నాడు.

మా బాపు ఈసారి దగ్గకుండా బహిరంగంగానే ఏడ్చాడు.

బండికి చట్రం బిగించాక, పైసలు కట్టే దగ్గర గుమాస్తా చీటీ రాస్తూ తలెత్తి సామ్యూల్‌ను అడిగాడు: "ఆఖరి డెబ్బై అయిదు నీ కమీషన్లకెల్లి కోసుకోమన్నడు మేనేజర్ సాబ్. నిజమేనా?"

సామ్యూల్ చప్పున కళ్లతో వారించాడు. కానీ అత్త విన్నది. మూట మీద చెయ్యి వేసి ఆపింది.

"కమీషన్ అంటే ఏంది?"

"ఏం లేదమ్మా. బండి అమ్మితే నాకు కొంత వస్తది. ఈసారి జర తక్కువొస్తది, అంతే."

"నీకు పిల్లలెంతమంది?"

"ఇద్దరు."

అత్త గుమాస్తా వైపు తిరిగింది. "గా పైన వేసిన ఇనుప చట్రం ఊడదీయున్రి. దాని ధర ఎంతైతదో గది గీయన కమీషన్ల వెయ్యున్రి."

మా బాపు బిత్తరపోయాడు. గుమాస్తా పెన్ను కింద పెట్టాడు. ఈ గోల విని మేనేజరు మెట్లు దిగి వచ్చాడు. విషయం తెలిసి, "నిన్నటినుంచి రూపాయి రూపాయికి కొట్లాడి ఇప్పుడు వాపస్ ఇస్తున్నవా?" అన్నాడు.

"కంపెనీతోని కొట్లాడిన సారూ. గీయనతోని గాదు. గీయన కడుపు కొట్టి నేను బండెక్క."

మేనేజరు ఆమె వంకా సామ్యూల్ వంకా చూశాడు. చట్రం ఊరికే ఉంచుకోమని అంటాడేమోనని మా బాపు ఆశపడ్డాడట. ఆయన అలా ఏమీ అనలేదు. చట్రం ఊడదీయించి, దాని ధర సామ్యూల్ లెక్కలో వేయమని గుమాస్తాకు చెప్పి వెళ్లిపోయాడు. అయినా డెబ్బై అయిదుకు కొంత తక్కువే పడింది. అత్త రవిక లోపలి సంచి తీసి చిల్లర బల్ల మీద పెట్టింది.

"ఇవి వాపస్ పోయే బస్సు కిరాయి. ఇగ బస్సుతోని మాకేం పని?"

సామ్యూల్ ఆ చిల్లర జేబులో వేసుకోలేదు. "ఇన్నేండ్ల సంది అమ్ముతున్ననమ్మా. నాకెంత మిగిలిందని అడిగినోల్లు లేరు" అన్నాడు. ఆ చిల్లరతో అందరికీ చాయ తెప్పించాడు. నిన్న నవ్విన జవానుకు కూడా.

దారిలో ప్రజ్ఞాపూర్ దగ్గర బండి ఆపి, అత్త వెనక సీట్లోంచి ముందు సీట్లోకి మారింది. "గిప్పుడు దగ్గు, ఎంత దగ్గుతవో" అన్నదట. ఇద్దరూ సిద్దిపేట వచ్చేదాకా నవ్వుతూనే ఉన్నారు. ఇనుప చట్రం తర్వాత మా ఊరి కమ్మరి ఒకతను చేసి పెట్టాడు. అది కంపెనీ చట్రం కంటే బరువు ఎక్కువ, వంకర కూడా. కానీ గట్టిది.

లడాయి ముదిరిన కొద్దీ కిరాయి బండ్లకు కష్టకాలం వచ్చింది. పెట్రోలు కొలిచి పోసేవారు. టైర్లు ఎక్కడా దొరికేవి కాదు. దొరికినా మూడింతల ధర. మా బండి టైర్లు అరిగి లోపలి గుడ్డ కనిపించింది. బాపు తోలు ముక్కలు కుట్టించి నడిపాడు. ఇక నిలిపేయాల్సిందే అనుకుంటున్నప్పుడు బస్సు డ్రైవరు ఒకతను హోటల్ ముందు ఆగి, "బుచ్చవ్వా, సికింద్రాబాదుల సామ్యూల్ సార్ నిన్ను వెంటనే రమ్మన్నడు" అని చెప్పాడు. కంపెనీకి కొన్ని టైర్లు వచ్చాయి. ఎవరెవరో పెద్దవాళ్లు అడుగుతున్నా, పాత ఖాతాదార్ల వంతు ముందని మేనేజరుతో వాదించి రెండు టైర్లు అతను అట్టిపెట్టాడు. కంపెనీ ధరకే ఇచ్చాడు, ఒక్క పైసా ఎక్కువ తీసుకోలేదు.

ఆ టైర్లు వేసిన నెలలోనే కోహెడ పక్క ఊళ్లో భిక్షపతి అనే గౌడు తాటిచెట్టు మీద నుంచి పడ్డాడు. అతని భార్య బాలవ్వ పొలాలకు అడ్డం పడి పరుగెత్తుకొచ్చి రోడ్డు మీద మా బండికి ఎదురు నిలబడింది. బాపు అందులో ఉన్న కిరాయిదార్లను దించాడు. వాళ్లూ మారు మాట్లాడకుండా దిగారు. వెనక సీటు వాల్చి భిక్షపతిని పడుకోబెట్టి, సిద్దిపేట దవాఖానలో కట్టు కట్టించి, అటునుంచి సికింద్రాబాదు పెద్ద దవాఖానకు చేర్చాడు. భిక్షపతి బతికాడు. చెట్టు ఎక్కలేకపోయినా, కర్ర పట్టుకుని నడిచాడు. ఆ తర్వాత బాలవ్వ ఏటా కొత్త జొన్నలు ఒక కుంచెడు తెచ్చి అత్తకు ఇచ్చేది. అత్త అందులో సగం విడిగా మూట కట్టి, సికింద్రాబాదు పోయే బస్సులో సామ్యూల్ ఇంటికి పంపేది. "టైర్లు ఆయనవి గదనే" అని బాలవ్వకు చెప్పేది. బాలవ్వ ఎన్నడూ సామ్యూల్‌ను చూడలేదు. అయినా మూట కట్టేటప్పుడు తన చేత్తో ఇంకో దోసెడు వేసేది.

1949లో బండిని ప్రజ్ఞాపూర్ మనిషి పర్శరాములు కొన్నాడు. అప్పటికి లక్ష్మీరాజం వాటా తీరిపోయి, మా బాపు దగ్గర సొంత ఇల్లు కట్టుకునేంత మిగిలింది. పర్శరాములు బేరం మొదలుపెట్టకముందే అత్త అతణ్ని బండి చుట్టూ తిప్పింది. "ఎడమ తలుపు సరిగ పడది. వానొస్తే ఎనుక అద్దం కాడ కారుతది. చలికాలం పొద్దుగాల దీన్ని బతిమాలాలె. ఇంజను మాత్రం మా పోశయ్య కన్నబిడ్డ లెక్క చూసిండు. ఇగ నీ ధర చెప్పు" అన్నది. అతను చెప్పిన ధరకు ఆమె ఎదురు మాట్లాడలేదని, దానికే ఎక్కువ ఆశ్చర్యపోయానని మా బాపు చెప్పేవాడు.

నా పెండ్లికి సామ్యూల్ భార్యాపిల్లలతో వచ్చాడు. అప్పటికి అతనికి జుట్టు నెరిసింది. అత్త వాళ్లను వరసలో కూర్చోబెట్టి తనే వడ్డించింది. అతను విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి చాలమ్మా, చాలమ్మా అంటున్నా వినకుండా, ఆ చేతిని పక్కకు జరిపి ఇంకో గరిటె వేసింది.