అక్క వేసిన శవాసనం

టీచరమ్మకి ఆసనాల కన్నా వాటి అర్థాలంటే మోజు. వృక్షాసనం వేయిస్తూ, "ఒంటికాలి మీద నిలబడటం సర్కస్ వాళ్ళకీ వచ్చు. లోపల గాలివాన వచ్చినా వేళ్ళు వదలకపోవడం, అదీ సంగతి" అనేది. టైర్ల కొట్టు మీది హాల్లో, కింద గాలి కొట్టే మిషను రొద మధ్య, ఆ మాటల కోసమే మెట్లెక్కి వచ్చేవాళ్ళున్నారు. సొంత అక్కకి మాత్రం అవి చెవికెక్కేవి కావు.

అక్క లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. తల్లి పోయాక చెల్లెల్ని పెంచి పెద్ద చేసిన మనిషి. ఒక్క క్షణం కుదురుగా ఉంటే ఒట్టు! శవాసనంలో అందరూ కళ్ళు మూసుకుంటే ఆమె ఒక కన్ను తెరిచి ఫ్యాను రెక్కల మీద దుమ్ము చూసేది. నిన్న ఏకంగా పక్కావిడ వైపు తిరిగి, "స్టవ్ కట్టేశానో లేదో" అని గొణిగింది. హాలంతా గొల్లుమంది. టీచరమ్మకి తల కొట్టేసినట్టయింది.

"శవాసనమంటే పడుకోవడం కాదక్కా, 'నేను' అన్నదాన్ని కాసేపు పక్కన పెట్టడం. అది చేతకాకపోతే రావద్దు. ఖాళీ కడుపుతో రమ్మంటే తిని త్రేన్చుకుంటూ వస్తావు!" అని అందరి ముందే దులిపేసింది.

అక్క చాప చుట్టుకుని మెట్లు దిగింది.

ఈ రోజు శవాసనంలో అక్క వేలు కూడా కదపలేదు. మాటలు ఊరికే పోలేదని టీచరమ్మ మురిసిపోయింది. అక్కడితో ఆగకుండా, "మా అక్కని చూడండి. వదిలేయడమంటే అదీ!" అని నలుగురికీ చూపించింది కూడా.

"ఇక మెల్లగా కుడివైపు తిరిగి లేవండి" అంది. అందరూ లేచారు. అక్క లేవలేదు. శవాసనంలో మునిగిన మనిషిని పిలవకూడదు, తాకకూడదు. అది టీచరమ్మ పెట్టుకున్న నియమం. అందుకే ఊరుకుంది. ఆ ఊరుకోవడమే ఆమె కొంప ముంచబోయింది. చాపలు చుట్టే చప్పుడుకి కూడా రెప్ప ఆడకపోయేసరికి నియమం మరిచి అక్క దగ్గరికి పరిగెత్తింది. వంగి నుదుటి మీద చెయ్యి వేసింది. చల్లగా ఉంది. ఒళ్ళంతా చెమటతో ముద్దయి ఉంది.

"అక్కా! అక్కా!"

రెప్పలు కాస్త అల్లాడాయి. మాట లేదు.

రోజూ క్లాసుకొచ్చే మందుల షాపాయన ఒక్క అంగలో వచ్చాడు. "షుగర్ మనిషి కదమ్మా! పొద్దున మాత్ర వేసుకుందా? ఏమైనా తిందా?"

"మాత్ర మానదండీ. తిని రావద్దని నేనే..." అంది టీచరమ్మ.

ఎవరో అంబులెన్సుకి ఫోన్ చేశారు. షాపాయన పరుగున వెళ్ళి గ్లూకోజు తెచ్చి నీళ్ళలో కలిపాడు. "షుగర్ పడిపోయినట్టుంది. పెదవి తడిపి చూడండి. మింగితేనే ఇంకోటి. మింగకపోతే పొయ్యొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది" అని చెంచా టీచరమ్మ చేతికిచ్చాడు.

చెంచా పెదవికి ఆనించింది. గొంతు కదల్లేదు. టీచరమ్మకి ఏ ఆసనమూ గుర్తు లేదు, ఏ అర్థమూ గుర్తు లేదు. అక్క లేకపోతే తను బతకలేదు, అంతే. మళ్ళీ తడిపింది. ఈసారి గుటక పడింది. ఇంకో చెంచా. ఇంకోటి. కాసేపటికి అక్క కళ్ళు తెరిచింది. ఇంకాసేపటికి మనుషుల్ని పోల్చుకుంది.

"ఒంట్లో బాగాలేదని ఒక్క మాట చెప్పొచ్చు కదక్కా!"

"చెమట పట్టినప్పుడే తెలిసిందే. చక్కెర బిళ్ళలు సంచిలోనే ఉన్నాయి."

సంచి ఆమె తల పక్కనే ఉంది. చెయ్యి చాపితే అందుతుంది.

"మరి తీసుకోలేదేం?"

"కదిలితే నలుగురిలో మళ్ళీ చిన్నబోతావని" అంది అక్క.

టీచరమ్మ ఆ నలుగురి ముందే అక్క ఒళ్ళో మొహం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.