అవ్వ చేతిలో సాగిన వెలిగొండ

మా చిన్నప్పుడు కొడవలూరులో కొండను దగ్గరగా చూసిన పిల్లకాయలే లేరు... ఎటు చూసినా వరి మళ్లే. అలాంటి మాకు ఏడో తరగతిలో అయ్యవారు ఒక పని పెట్టారు. జిల్లాకు పడమట ఉన్న వెలిగొండల చరిత్ర, అక్కడి జనం బతుకు తెలుసుకుని, బళ్లు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు వచ్చే రోజుకి మట్టితో కొండ చేసి చూపించాలని.

పొలం నుంచి బంకమట్టి మోసుకొచ్చి, బడి వరండాలో గొప్పగా చేశాం. మధ్యాహ్నం నాకు అన్నం తెచ్చిన మా అవ్వ, అంటే నాయన వాళ్లమ్మ, దాన్ని చూసి పకపకా నవ్వింది.

"ఇది కొండ గాదు మే, గడ్డివామి."

నిజమే... మాకు తెలిసిన ఎత్తంతా వామి ఎత్తే! చుట్టూ వరి మళ్లు కూడా వేశాం.

నాకు తల కొట్టేసినట్టయింది. అవ్వ పుట్టిల్లు ఆ వెలిగొండల వైపే, ఉదయగిరి కొండ కింద పల్లె. వరి పండని మెట్ట ఊరి నుంచి వచ్చిందని మా వీధిలో ఆమెను 'మెట్టామె' అని ఎగతాళి చేసేవాళ్లు... పుట్టింటి నుంచి తెచ్చుకున్న చెక్క గరిటెను చూసి, ఇత్తడికి గతిలేని వాళ్లనేవాళ్లు. అందుకే ఆ సంగతి బళ్లో ఎవరికీ చెప్పలేదు నేను.

అవ్వ నవ్వు విన్న అయ్యవారు మాత్రం, కొండ ఎట్లుంటుందో నువ్వే చెప్పమ్మా అన్నారు. అవ్వ కొంగు దోపుకుని కూర్చుంది. మా వామిని రెండు చేతులా నొక్కి బారుగా సాగదీసింది. పైన కోట, మేకలెక్కే దారి, తేనెపట్టు వేలాడే బండ, కింద సజ్జ చేలు... పట్టు మొత్తం కోయరట, ఈగలకని కొంత వదులుతారట. అయ్యవారు కూడా రాసుకున్నారు.

ఇన్‌స్పెక్టరు వచ్చారు. కొండ చుట్టూ తిరిగి చూసి, ఇవన్నీ ఏ పుస్తకంలో చదివారని అడిగారు. అయ్యవారు చెప్పారని నేను అనేస్తే సరిపోయేది... పొద్దున సంచిలో దాచి తెచ్చిన చెక్క గరిటెను తీయాలా వద్దా అని అప్పటిదాకా తటపటాయిస్తున్నాను. ఎవరేమనుకుంటే నాకేం అని తీసి కొండ పక్కన పెట్టేశాను.

"పుస్తకం కాదు సార్. మా అవ్వ చెప్పింది. ఆమె ఉదయగిరి కొండకింద ఆడబిడ్డ."

వరండా చివర నిలబడ్డ అవ్వ కొంగుతో మొహం తుడుచుకుంది. నాకు ఎంత గర్వమేసిందో!

ఇప్పుడు కొండ చూడాలంటే ఫోన్ మీద వేలు పెడితే చాలు... మట్టి పిసకక్కర్లేదు, అవ్వనూ అడగక్కర్లేదు. ఆ గరిటె మాత్రం ఇంకా నా వంటింట్లోనే ఉంది. ఎవరిదని మనవరాలు అడిగితే, మెట్టామెది అని తలెత్తి చెబుతాను.

మీ ఇంట్లోనూ నలుగురూ నవ్విన వస్తువేదైనా ఉంటే, అది తెచ్చినావిడ పుట్టినూరు పేరు ఈ కథ కింద రాయండి... చదువుకుంటాను.