కోడలు చెప్పిన సినిమా

సినిమాకి వెళ్ళొచ్చిన మనిషిని ఎవరైనా "బాగుందా?" అని అడుగుతారు. ఆ ఇంట్లో మామగారు అలా అడిగేవారు కాదు. కోడలు చెప్పులు విడవకముందే కుర్చీ ఆమె వైపు తిప్పుకుని, "ఊఁ, మొదలుపెట్టు" అనేవారు.

ఆయన నలభై ఏళ్ళు గడియారాలు బాగుచేసిన మనిషి. రెండు కళ్ళకీ శుక్లాలు కమ్మాయి. ఆపరేషనంటే ససేమిరా అన్నారు. జీవితమంతా సన్నని పనిముట్లతో వాచీల పొట్టలు విప్పినాయనకి, తన కంటి దగ్గరికి పనిముట్టు వస్తుందంటే వణుకు. సినిమా పిచ్చి మాత్రం చూపుతో పాటు పోలేదు. ఒకసారి హాలుకెళ్ళి విని సరిపెట్టుకుందామనుకున్నారు. పాట మొదలవగానే "ఇప్పుడెక్కడున్నారు? చీర మార్చిందా?" అని పక్కవాణ్ణి అడుగుతుంటే ముందు రెండు వరసలూ వెనక్కి తిరిగి చూశాయి. అప్పట్నుంచి వారానికో సినిమాకి కోడల్ని పంపి, చెప్పించుకోవడం మొదలుపెట్టారు. కొడుకు దూరప్రయాణాల బస్సు డ్రైవరు. ఇంట్లో ఉంటే నిద్రపోతాడు, హాల్లో కూర్చోబెట్టినా నిద్రపోతాడు.

కోడలికి ఏ సినిమా పూర్తిగా నచ్చేది కాదు. అలాగని ఏదీ పూర్తిగా నచ్చకుండానూ పోయేది కాదు. ఇంటర్వెల్ దాకా బుద్ధిగా తీసినవాడికి ఆ తర్వాత ఏం పుడుతుందో అర్థం కాదని ఆమె ఫిర్యాదు. మొదటి సగంలో అంత తెలివిగా మాట్లాడిన పిల్ల, రెండో సగంలో ఏడవడం తప్ప పనేమీ లేకుండా ఎందుకుండాలి? కొన్నాళ్ళు చూసింది చూసినట్టే చెప్పింది. తర్వాత ఒక ఫైటు తగ్గించింది. ఇంకోసారి, ఉత్తపుణ్యానికి చచ్చిపోయిన హీరో చెల్లెల్ని బతికించింది. మామగారు "హమ్మయ్య" అన్నారు. ఆ ఒక్క హమ్మయ్యతో ఆమెకి ధైర్యం వచ్చేసింది.

"హీరో క్షమాపణ చెప్పాడా? ఎన్నడూ లేనిది!" అని ఆయన నోరెళ్ళబెడితే, "రెండుసార్లు చెప్పాడు మామయ్యగారూ" అనేది కళ్ళార్పకుండా.

నవలల్లోంచి తీసిన సినిమాలతోనే చిక్కు. చూపున్న రోజుల్లో ఆయన లైబ్రరీని నమిలేశారు. "నవల్లో అలా లేదే!" అని పట్టుకునేవారు. "సినిమావాళ్ళు మార్చేశారండీ" అని ఆమె నేరం వాళ్ళ నెత్తిన రుద్దేది. ఆయన కాసేపు సినిమావాళ్ళ మీద నిప్పులు చెరిగి, కాసేపు ఆలోచించి, "ఈ ముక్క మాత్రం నవల కన్నా నయం" అని తీర్పిచ్చేవారు. మర్నాడు ఆ తీర్పు మోసుకెళ్ళి లైబ్రేరియన్‌తో వాదన వేసుకునేవారు. లైబ్రేరియన్ పుస్తకాల పక్షం. హాలు మొహం చూడని మనిషి కనక గెలుపెప్పుడూ మామగారిదే.

ఇవన్నీ సరదా అబద్ధాలు. సరదా కోసం కాకుండా చెప్పింది ఒకటుంది.

చూపు మందగించిన కొత్తలో మామగారు షాపులో పనిబల్ల దగ్గర కోడల్ని పక్కన కూర్చోబెట్టుకునేవారు. "పెద్ద చక్రం కింద ఏముంది?" "స్ప్రింగండీ. కొస వంగింది." ఆయన చెప్పడం, ఆమె చేయడం. రెండేళ్ళకి, ఆయన చెప్పకముందే ఆమె చేతులు పని చూసుకునేవి. షాపు మూసేస్తానని ఆయన అన్నప్పుడు, "నేను నడుపుతాను" అంది. "కళ్ళు అరువిచ్చినంత మాత్రాన పని వచ్చినట్టా?" అని ఆయన కొట్టిపారేశారు. ఫోన్ల కవర్లు అమ్మేవాడికి షాపు గది అద్దెకిస్తానని మాట కూడా ఇచ్చేశారు. కోడలికి రెండు రోజులు అన్నం సయించలేదు. పెళ్ళయి వచ్చాక ఇది నాది అనిపించిన చోటు ఆమెకి ఆ బల్ల ఒక్కటే.

సరిగ్గా ఆ వారమే పడవల నవల సినిమాగా వచ్చింది. మామగారు పదకొండుసార్లు చదివిన నవల. పడవలు చేసే ముసలాయనకి చేతులు పడిపోతాయి. కోడలు పని తను చేస్తానంటుంది. ఆయన ఒప్పుకోక, పనిముట్లన్నీ ఏట్లో పారేయించి, ఆ బెంగతోనే పోతాడు. సినిమాలోనూ అచ్చంగా అంతే.

ఇంటికొచ్చిన కోడలు చెప్పులు విడిచి మొదలుపెట్టింది. ఆమె చెప్పిన సినిమాలో ముసలాయన పనిముట్లు ఏటిదాకా మోయించి, నీళ్ళు చూసి మనసు మార్చుకుని, ఉలి కోడలి చేతిలో పెట్టాడు. ఆమె చేసిన పడవలో ముందు ఆయనే ఎక్కాడు.

మామగారు, "ఎవడో గానీ గొప్ప డైరెక్టరు. రాసినవాడికి తట్టని ముగింపు వీడికి తట్టింది" అన్నారు. కవర్లవాడికి ఇచ్చిన మాట వెనక్కి తీసుకుని, తాళంచెవి కోడలికిచ్చారు.

రెండేళ్ళు షాపు బాగా నడిచింది. ఇంతలో లైబ్రేరియన్ కంటి ఆపరేషన్ చేయించుకుని, చిన్నక్షరాలు చదివి వినిపించేసరికి మామగారికి పౌరుషం ముంచుకొచ్చింది. తనూ చేయించుకున్నారు. చూపొచ్చింది. ఇక షాపులో తన కుర్చీ ఎప్పుడు అడుగుతారో అని కోడలికి లోపల పీకుతూనే ఉంది. మూడు నెలలకి, ఆదివారం మధ్యాహ్నం టీవీలో పడవల సినిమా వేస్తామని ప్రకటించారు.

ఆమెకి పై ప్రాణాలు పైనే పోయాయి. రిమోట్ తీసుకెళ్ళి బియ్యం డబ్బాలో పెట్టింది. ఎన్నడూ లేనిది కొడుకు మెలకువగా ఉండి, వెతికి మరీ తెచ్చిచ్చాడు.

మామగారు సినిమా అంతా కదలకుండా చూశారు. పనిముట్లు ఏట్లో మునిగాయి. ముసలాయన పోయాడు. మామగారు టీవీ కట్టేసి, కోడలి వైపు చూడకుండా వెళ్ళి పడుకున్నారు. తిట్టి ఉంటే ఆమె ప్రాణానికి హాయిగా ఉండేది.

పొద్దున లేచేసరికి షాపు తాళంచెవి మేకుకి లేదు. పరుగున వెళ్ళింది. ఆమె కుర్చీలో మామగారు! కంటికి భూతద్దం, ముందు వరసగా విప్పిన వాచీలు.

"ఇది నువ్వు చేసిందేనా?"

"అవునండీ."

"ఇది?"

"అదీ నేనే."

ఆయన ఇంకోటి విప్పారు. ఆమె గడపలోనే నిలబడిపోయింది. అప్పుడే లైబ్రేరియన్ దూసుకుంటూ వచ్చాడు. రెండేళ్ళ కసి మొహంలో మెరిసిపోతోంది.

"నిన్న సినిమా చూశాను. పనిముట్లు ఏట్లోకే పోయాయి! నవల్లో ఉన్నది ఉన్నట్టు దించాడు. ఏడీ నీ గొప్ప డైరెక్టరు?"

కోడలు చీర కొంగు నలిపేసుకుంటోంది. మామగారు భూతద్దం కూడా తీయలేదు.

"టీవీవాళ్ళు కోసేశారు" అన్నారు.

"ముగింపునే కోస్తారా?"

"ప్రకటనలకి చోటు చాలక కోసేశారు. హాల్లో చూసినవాళ్ళని అడుగు. మా కోడలు చూసింది."

లైబ్రేరియన్ ఆమె వైపు తిరిగాడు. "అవునండీ" అంది ఆమె. ఆయన కక్కలేక మింగలేక వెళ్ళిపోయాడు.

మామగారు అప్పుడు తలెత్తారు. "నాతో ఎన్ని అబద్ధాలాడావో లెక్క అడగను. ఉలి ఇప్పించావు, పడవ చేయించావు, షాపు కొట్టేశావు. అది నీ అవసరం, అర్థమైంది. ఆ ముసలాణ్ణెందుకు బతికించావు? వాడు ఉలి ఇచ్చేసి పోయినా నీ పని జరిగేదిగా?"

కోడలు గడప దాటి లోపలికొచ్చింది.

"అక్కడిదాకా బాగానే అల్లుకొచ్చానండీ. తీరా అక్కడికొచ్చేసరికి మీరు ఎదురుగా కూర్చుని వింటున్నారు. మీ మొహం చూస్తూ, పోయాడని ఎలా చెప్పను?"

మామగారు భూతద్దం తీసి బల్ల మీద పెట్టారు. విప్పిన వాచీలు అలాగే వదిలేసి కుర్చీలోంచి లేచారు.

"వచ్చి కూర్చో. నేను కాసేపు బయట ఉంటాను. కళ్ళు నీళ్ళు కారుతున్నాయి. ఆపరేషనయ్యాక కారతాయని డాక్టరు చెప్పాడుగా."

డాక్టరు అలా చెప్పింది మొదటి వారం గురించి. కోడలు దిద్దబోలేదు, వెళ్ళి కుర్చీలో కూర్చుంది.